దురాయి కాదక్కా, యూనియన్

నల్లమెట్టపాళెంలో ఎవరినైనా ఆపి మహాలక్ష్మి ఇల్లెక్కడని అడిగితే, ఏ మహాలక్ష్మి అని ఎదురు ప్రశ్న వేస్తారు. లైబ్రరీ మహాలక్ష్మి అంటే మాత్రం పసిపిల్లలు కూడా వేలు పట్టుకుని తీసుకుపోతారు. వాకాడు మండలంలో, సముద్రం ఒడ్డున, చేపల వేలం షెడ్డు పక్కన ఒక్క గది, దానికో నీలం తలుపు. ఆ తలుపు తెరిచేది ఆమే, గది ఊడ్చేది ఆమే, పేపర్లు పరిచేది ఆమే. పుస్తకాలు ఇచ్చేదీ, తిరిగి రాకపోతే ఇళ్ళ చుట్టూ తిరిగి తెచ్చుకునేదీ ఆమే. ఇంత చేసే మనిషిని ఉద్యోగం ఏమిటని అడిగితే చెప్పుకోవడానికి ఏమీ లేదు. తీరం వెంబడి లైబ్రరీలు నడిపే వెలుగుదారి ట్రస్టు లెక్కలో ఆమె 'సేవకురాలు'. సేవ చేసేవాళ్ళకు సెలవు ఉండదట, పీఎఫ్ ఉండదట, ఒంట్లో బాగాలేకపోతే మందుల ఖర్చూ ఉండదట. ఇచ్చేదాన్ని జీతం అనకూడదట, గౌరవ వేతనం అనాలట. ఆ గౌరవమేదో నెలనెలా టైముకి వస్తే బాగుండేది.

మహాలక్ష్మి ఇంటర్ దాకా చదివి, మునెయ్యని చేసుకుని, నెత్తిన చేపల గంప పెట్టుకుని వాకాడు వీధుల్లో చాలా ఏళ్ళు తిరిగింది. పాళెంలో చదువుకున్న ఆడమనిషి కావాలని ట్రస్టు వాళ్ళు వెతుక్కుంటూ వస్తే అందరూ ఆమెనే చూపించారు. చూపించి, వెనక్కి తిరిగి నవ్వారు కూడా, చేపలమ్మే నోటికి పుస్తకాల సంగతేం తెలుస్తుందని. ఆ నోరే పనికొచ్చింది. పుస్తకం తెచ్చివ్వకపోతే వేలంపాటలో నీ పేరెత్తి అరుస్తానంటే, ఎంతటి మొండివాడైనా పొద్దుగూకేలోగా తెచ్చి బల్ల మీద పెట్టిపోయేవాడు. మహాలక్ష్మి నోట్లో పడితే బతికి బయటపడలేమని మగవాళ్ళే అనుకునేవాళ్ళు. ఆమెకి ఆ మాట ఇష్టంగానే ఉండేది.

ఆ గది అంటే ఆమెకి ప్రాణం. కానిస్టేబుల్ పరీక్షకి చదివే కుర్రాళ్ళు, వేటకు పోలేని వయసులో పేపరు చదివించుకుని వినే ముసలివాళ్ళు, బడి వదలగానే బొమ్మల పుస్తకాల మీద పడే పిల్లలు, అందరూ ఆమె చెప్పుచేతల్లోనే. గంప మళ్ళీ ఎత్తుకోవలసి వస్తే ఆమెకి సిగ్గేం లేదు. ఆ గదికి ఇంకెవరో తాళం తీసే రోజు వస్తే మాత్రం తట్టుకోలేదు. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టే విజయభాస్కర్ సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు.

విజయభాస్కర్ ట్రస్టు కోఆర్డినేటరు. నెల్లూరులో కూర్చుని తీరంలో ఉన్న లైబ్రరీలన్నిటినీ ఫోనులోనే నడుపుతాడు. డిసెంబరు తుఫానుకి పాళెం జనమంతా పిల్లాపీచుతో షెల్టరుకి చేరిన రోజున కూడా ఆయన ఫోను ఆగలేదు. పక్క మండలం కోట ఊళ్ళో మన లైబ్రరీలో కంప్యూటర్లున్నాయి, సుభాషిణి ఒక్కతే ఉంది, నువ్వు వెంటనే పోయి సాయం పట్టు అన్నాడు. మునెయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఊరంతా లోపలికి చేరుతుంటే పెళ్ళాన్ని బయటకి పొమ్మనేవాడు మనిషేనా అని తిట్టాడు. మహాలక్ష్మి కొంగు నెత్తిన కప్పుకుని, ఆఖరి ఆటో పట్టుకుని పోయింది. పోకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నీకు సేవాభావం లేదమ్మా అంటాడు, ఆ మాటతో పని ఊడిపోతుంది.

కోట లైబ్రరీ సుభాషిణి మెతక మనిషి. బీఏ చదివింది, గట్టిగా మాట్లాడితే తనే భయపడుతుంది. ఆ లైబ్రరీలో గోడ పక్కన ఇనుప ర్యాకు ఒకటి ఉంది, ఎత్తుగా, సన్నకాళ్ళతో. ముట్టుకుంటే ఊగేది. గోడకి బిగించండి సార్ అని సుభాషిణి ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఒకసారి మహాలక్ష్మి ఎదుటే అడిగితే, చూద్దాంలేమ్మా అన్నాడు విజయభాస్కర్. చూసిందీ లేదు, బిగించిందీ లేదు.

మధ్యాహ్నానికి గాలి రేగింది. తలుపు సందుల్లోంచి వాననీళ్ళు లోపలికి రావడం మొదలైంది. సుభాషిణి ఫోను చేసి, నీళ్ళు వస్తున్నాయి, తాళం వేసి వెళ్ళిపోమంటారా అని అడిగింది. ఫోను స్పీకరులో ఉంది కాబట్టి జవాబు మహాలక్ష్మి చెవులారా విన్నది. కింది అరల్లో పుస్తకాలన్నీ పై అరల్లోకి ఎక్కించి, కంప్యూటర్లు బల్లల మీదికి చేర్చి, నేను చెప్పేదాకా కదలొద్దన్నాడు. ఇద్దరూ అట్లాగే ఎక్కించారు. కింద అరలు ఖాళీ అయ్యాయి, బరువంతా పైకి పోయింది. గాలికి కిటికీ రెక్క ఊడి ర్యాకుకి తగిలింది. సుభాషిణి దాని ముందే ఉంది.

ఆ చప్పుడు మహాలక్ష్మి చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. ర్యాకు కింద నడుము దాకా ఇరుక్కుపోయి, సుభాషిణి అరవను కూడా లేక నోరు తెరిచి చూస్తోంది. మహాలక్ష్మి ఒక్కతే ర్యాకు ఎత్తబోతే లేవలేదు. పుస్తకాలు ఒక్కొక్కటే లాగి పారేసి, బరువు తగ్గించి, భుజం పెట్టి లేపింది. నూట ఎనిమిదికి ఫోను చేస్తే రోడ్డు మీద చెట్లు పడి ఉన్నాయి, ఆలస్యమవుతుందన్నారు. విజయభాస్కర్‌కి చేసింది. జరిగిందంతా విని ఆయన అడిగిన మొదటి ముక్క, కంప్యూటర్లు తడవలేదు గదా అని. మహాలక్ష్మి జన్మలో మొదటిసారి, తిట్టడానికి నోరు రాక ఫోను పెట్టేసింది.

సుభాషిణికి తుంటి ఎముక విరిగింది. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మళ్ళీ మామూలుగా నడవడానికి చాలా కాలం పడుతుందన్నారు. ట్రస్టు నుంచి పలకరించడానికి కూడా ఎవరూ రాలేదు. పైగా ఒక మాట బయల్దేరింది. ఆ అమ్మాయి ర్యాకు మీదికి పాకిందట, అందుకే పడిందట, అజాగ్రత్త మనిషిని పనిలో ఉంచుకోలేమట. ఎంత అన్యాయమో చూడండి, ఎముక విరిగిందీ ఆమెకే, తప్పూ ఆమెదే.

జనవరిలో ఒకరోజు విజయభాస్కర్ కారులో పాళెం వచ్చాడు. ఎప్పుడూ రానివాడు వచ్చి, గదంతా తిరిగి చూసి, పాళెం లైబ్రరీ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం అన్నాడు. కొన్ని లైబ్రరీలు మూసేయాలని పైవాళ్ళ ఆలోచన, దీన్ని మాత్రం ముయ్యనివ్వను అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. సంక్రాంతి పోయాక ఒక సోమవారం, ట్రస్టుకి విరాళాలిచ్చే పెద్దమనుషులు లైబ్రరీలు చూడ్డానికి వస్తున్నారు. కోటలో ఏం జరిగిందని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. అక్కడున్నది నువ్వే కాబట్టి నువ్వే చెప్పాలి.

"ఏం చెప్పాల సార్?" అంది మహాలక్ష్మి.

"ఏముంది, ఆ అమ్మాయి ర్యాకు ఎక్కింది, నువ్వు వద్దన్నా వినలేదు. అంతే గదా జరిగింది."

"ఎక్కలేదు సార్. నేలమీదే నిలబడుండాది."

విజయభాస్కర్ నవ్వాడు. పోనీ చూడలేదని చెప్పమన్నాడు. అటు తిరిగి ఉన్నానని చెప్తే ఎవరికీ నష్టం లేదన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా, నీ లైబ్రరీ సంగతి నువ్వు చూసుకో అని చెప్పి కారెక్కాడు.

మహాలక్ష్మికి ఆ పూట అన్నం సహించలేదు. చూడలేదని ఒక్క మాట అంటే గది ఉంటుంది. చూశానంటే గది పోతుంది. చూడలేదంటే, మంచం మీద ఉన్న సుభాషిణికి ఆ కాస్త పనీ పోయి, ఆసుపత్రి ఖర్చుకి దిక్కు లేక, అజాగ్రత్త మనిషన్న పేరు కూడా మిగులుతుంది. వేలంలో అందరినీ అదరగొట్టే మనిషి, తన విషయానికొచ్చేసరికి అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. వాకిట్లో వల సర్దుకుంటున్న మునెయ్యకి చెప్పుకుని ఏడ్చింది. మునెయ్య ఎక్కువ మాట్లాడే రకం కాదు. వల సర్దడం ఆపి ఒక మాటన్నాడు.

"మనూళ్ళో ఒక పడవ తిరిగి రాకపోతే, మిగతా పడవలు నీళ్ళల్లోకి దించుతామా మే?"

దించరు. పాళేల్లో పుట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. సముద్రంలో ఒకడు కనపడకుండా పోతే ఊరి పెద్దలు దురాయి వేస్తారు. దురాయి అంటే ఊరి కట్టుబాటు. ఆ మనిషి జాడ తెలిసేదాకా ఎంత చేప పడుతున్నా సరే, ఏ ఇంటి పడవా కదలదు. మహాలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. సుభాషిణి సంగతి తేలేదాకా ఏ లైబ్రరీ తలుపూ తెరుచుకోకూడదు అనుకుంది. ఆ అనుకోవడంలో తప్పేం లేదు. తప్పంతా తర్వాత వచ్చింది.

ముత్తుకూరు లైబ్రరీ జడ్సన్‌కి అప్పటికే ఇంకో ఆలోచన ఉంది. జడ్సన్ కుర్రతనం దాటని మనిషి. పోర్టు పక్కన ఉండబట్టి అక్కడి కార్మికుల యూనియన్లు ఎట్లా నడుస్తాయో రోజూ చూస్తుంటాడు. సుభాషిణిని చూడ్డానికని అందరూ కోటలో ఆమె ఇంటికి వచ్చిన ఆదివారం, ఆమె మంచం చుట్టూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఏడుగురు కలిసి సంతకాలు పెడితే యూనియన్ రిజిస్టరు చేయించుకోవచ్చు. ఒక్కరు అడిగితే తీసేస్తారు, అందరూ కలిసి అడిగితే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడక తప్పదు. మనం సేవకులం కాదు, పనివాళ్ళం అని రాయించుకోవాలి. అప్పుడు పనిలో దెబ్బ తగిలితే వైద్యం వాళ్ళ బాధ్యత అవుతుంది, ఎప్పుడంటే అప్పుడు పొమ్మనడం కుదరదు, తుఫానులో ఉండమనే ధైర్యం ఎవరికీ రాదు. ఆ పెద్దమనుషులు వచ్చే సోమవారం అన్ని లైబ్రరీలకీ తాళాలు వేద్దామని మహాలక్ష్మి అంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఏడుగురు ఒప్పుకున్నారు. సుభాషిణి మంచం మీద పడుకునే సంతకం పెట్టింది. కాగితం ఇంకెక్కడా తడవకపోయినా ఆమె సంతకం పెట్టిన చోట మాత్రం కన్నీళ్ళకి తడిసింది.

ఒప్పుకోనివాళ్ళలో వాకాడు కరుణాకుమారి ఒకతె. వాకాడు లైబ్రరీ ట్రస్టుకి ముత్యం లాంటిది. కొత్త భవనం, గాజు కిటికీలు, పూలకుండీలు. వచ్చే పెద్దమనుషులు ముందు దిగేది అక్కడే. అది తెరిచి ఉంటే మిగతావి మూసినా ట్రస్టుకి నష్టం లేదు, దాన్ని చూపించి పంపేస్తారు. కరుణాకుమారి రాలేను అనలేదు, వస్తాను అనలేదు. తల వంచుకుని, ఆలోచించుకుంటానక్కా అని మాత్రం అంది.

మహాలక్ష్మి అక్కడ ఆగాలి. ఆగితే ఆమె మహాలక్ష్మి ఎందుకవుతుంది? గురువారం పొద్దున వాకాడు లైబ్రరీకే పోయింది. చదువుకునే పిల్లలు వింటున్నారన్న ఇంగితం కూడా లేకుండా, పాళెం పెద్దలు దురాయి చెప్పే పద్ధతిలో, బల్ల ముందు నిలబడి చెప్పింది.

"సోమవారం నువ్వు తలుపు తీసినావంటే మాకెవరికీ నీతో మాటల్లేవు కరుణా. నీ ఇంట్లో శుభానికి రాము, చావుకీ రాము. నీ చేతి మంచినీళ్ళు కూడా తాగం. తెలుసుకో."

కరుణాకుమారి ముఖం తెల్లగా పాలిపోయింది. చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టబోతే కింద పడింది. దెబ్బ సరిగ్గా తగిలిందని మహాలక్ష్మి సంతోషంగా ఇల్లు చేరింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఎన్నిసార్లు విన్నదో, తన దాకా వచ్చేసరికి గుర్తే లేదు.

ఆ సాయంత్రమే ఫోనుకి విజయభాస్కర్ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. తోటి సేవకులను బెదిరించినందుకు నిన్ను తొలగిస్తున్నాం, సోమవారం ఉదయం నేనే వస్తాను, తాళంచెవులు అప్పగించాలి అని. అంటే కరుణాకుమారి పోయి అంతా చెప్పేసిందన్నమాట. తాళాలు వేసే సంగతి, సంతకాల సంగతి, మొత్తం. మహాలక్ష్మి గడపమీదే కూలబడింది. అంతలో జడ్సన్ ఫోను. సంతకం పెట్టినవాళ్ళలో ఇద్దరు వెనక్కి తగ్గారు. విజయభాస్కర్ ఒక్కొక్కరికీ ఫోను చేసి, మీదంతా బెదిరింపుల యూనియనా, పోలీసు కేసు పెట్టమంటారా అని అడుగుతున్నాడట. ఏడుగురు ఐదుగురయ్యారు. ఐదుగురితో రిజిస్ట్రేషన్ కుదరదు.

"ఎవురు చెప్పమన్నారక్కా నిన్ను?" జడ్సన్ గొంతు ఏడుపుకి దగ్గరగా ఉంది. "మనదేమన్నా దురాయా? దురాయి కాదక్కా, యూనియన్. దీంట్లోకి ఇష్టముండేవాళ్ళు వస్తారు. రానోళ్ళు రారు. ఆ రానోళ్ళ కోసరం కూడా మనమే అడగాల."

మహాలక్ష్మికి మొదట కోపమే వచ్చింది. కట్టు తప్పినవాడికి శిక్ష లేకపోతే కట్టు ఎట్లా నిలుస్తుంది? తాత ముత్తాతల నాటినుంచి పాళెం నిలబడింది దాంతోనే కదా. శుక్రవారమంతా ఆ కోపంతోనే గడిపింది. శనివారానికి కోపం పోయి భయం మిగిలింది. గదిలో కూర్చుంటే పుస్తకాల వైపు చూడలేకపోయింది. తన గది పోతే పోయింది, తన నోటివల్ల సుభాషిణి పని కూడా పోబోతోంది. తను నిలబెట్టాలనుకున్నదాన్ని తన చేత్తోనే కూలదోసింది.

ఆదివారం కరుణాకుమారి ఇంటికి పోయింది. పొమ్మంటే పోదామని, కొడితే కొట్టించుకుందామని పోయింది. కరుణాకుమారి తలుపు తీసి, పక్కకి తప్పుకుని, కుర్చీ వేసి, తను మాత్రం నిలబడే ఉంది. భర్త పోయినప్పటినుంచి కూతురితో ఆ అద్దె ఇంట్లో ఉంటోంది. మహాలక్ష్మి దారంతా కూడగట్టుకున్న మాటలు ఎత్తుకునేలోగా కరుణాకుమారే మొదలుపెట్టింది.

ఆమె పుట్టింది పులికాట్ ఒడ్డున ఒక కుప్పంలో, అంటే జాలర్ల పల్లెలో. ఆమె చిన్నప్పుడు అక్కడ దురాయి పడింది, ఎవరూ వేటకు పోకూడదని. ఆమె తమ్ముడికి జ్వరం. ఇంట్లో గింజ లేదు. తండ్రి చీకట్లో ఒక్కడే వల తీసుకుపోయి దొరికిపోయాడు. ఊరు వాళ్ళని వెలివేసింది. అంగట్లో సరుకులివ్వలేదు. బోరింగు దగ్గర అమ్మని నీళ్ళు కొట్టుకోనివ్వలేదు. తమ్ముడు పోతే మొయ్యడానికి ఒక్కరూ రాలేదు. తండ్రి ఒక్కడే బిడ్డని భుజాన వేసుకుని పోయాడు.

"సంతకం పెడదామనే ఉన్నా నేను," అంది కరుణాకుమారి. "గురువారం పొద్దున నువ్వొచ్చినప్పుడు, పెడతానని చెప్పబోయినా. చావుకి కూడా రామన్నావే అక్కా, ఆ మాటకి నాకు కళ్ళు కనపళ్ళేదు. ఏం చేస్తుండానో తెలీకుండానే ఆయనకి ఫోను చేసినా."

మహాలక్ష్మి కుర్చీలోంచి లేచి నేలమీద కూర్చుంది. ఏడుపు ఆపుకోవడానికి చూడలేదు. తను దురాయిలో ఎప్పుడూ పడవలు ఆపినవాళ్ళ వైపే ఉంది, వెలిపడ్డ ఇంటి వైపు నుంచి దాన్ని చూడాలని ఆమెకి తట్టనే లేదు. తలెత్తి, ముందు కాసిని మంచినీళ్ళు ఇయ్యి అంది. కరుణాకుమారి చెంబు తెచ్చి ఇస్తే మొత్తం తాగింది.

"రేపు నువ్వు తలుపు తీసుకో కరుణా," అంది. "నీ బిడ్డ చదువుండాది. తీసినా నీతో మాట్లాడతా. నీ ఇంటికొస్తా. మళ్ళీ ఆ మాట నా నోట వస్తే చెప్పుతో కొట్టు."

కరుణాకుమారి వీధి చివరిదాకా వచ్చి బస్సెక్కించింది. ఏం చేస్తావని మహాలక్ష్మి అడగలేదు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, పళ్ళు బిగబట్టుకుంది.

సోమవారం తెల్లారింది. మహాలక్ష్మి నీలం తలుపుకి తాళం వేసి, మెట్టు మీద కూర్చుంది. వేలం షెడ్డు దగ్గర జనం చేపలు వదిలి ఇటే చూస్తున్నారు. మునెయ్య ఆ రోజు వేటకు పోలేదు. కాస్త దూరంలో పడవ నీడన కూర్చున్నాడు, దగ్గరికి రాలేదు. ముత్తుకూరులో తాళం వేశానని జడ్సన్ చెప్పాడు. కోట ఎటూ మూతే. మిగతావాళ్ళలో కొందరు ఫోను ఎత్తడం లేదు. వెనక్కి తగ్గిన ఇద్దరి సంగతి తెలీదు. వాకాడు సంగతి అసలే తెలీదు.

కారు వచ్చింది. విజయభాస్కర్‌తో పాటు కొత్త తాళం పట్టుకుని ఇంకో మనిషి దిగాడు. తాళంచెవులిమ్మన్నాడు విజయభాస్కర్. మహాలక్ష్మి లేచి నిలబడింది గానీ ఇవ్వలేదు.

"ఇస్తా సార్. ఇచ్చేముందు ఒక మాట చెప్పి ఇస్తా," అంది. వేలం పాడే గొంతు అది, షెడ్డు చివరిదాకా వినపడింది. "కోటలో సుభాషిణి ర్యాకు ఎక్కలేదు. నేలమీద నిలబడి, మీరు ఫోన్లో చెప్పిన పనే చేస్తుండాది. ర్యాకుని గోడకి బిగించమని నా ఎదటే మిమ్మల్ని అడిగింది. నేను చూసినా. ఎవురడిగినా ఇదే చెప్తా."

విజయభాస్కర్ చుట్టూ చూశాడు. జనం దగ్గరికి వచ్చేశారు. ఆయనకి కోపం వచ్చింది గానీ పెద్దమనిషి తరహా వదల్లేదు. నీ మాట ఎవరు వింటారమ్మా అన్నాడు. నీ వెనక ఎవరున్నారో చూపించు అన్నాడు. ముత్తుకూరులో ఒకడు, ఇక్కడ నువ్వు, అంతేగా. పెద్దలు గూడూరు దాటారు, కాసేపట్లో వాకాడులో దిగుతారు, అక్కడ తలుపులు తెరిచి పూలమాలలతో సిద్ధంగా ఉన్నారు, కావాలంటే నీ చెవులతోనే విను అంటూ ఫోను తీసి, స్పీకరు పెట్టి, కరుణాకుమారికి కలిపాడు. ఆ గంట మోగుతున్నంతసేపూ మహాలక్ష్మి తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"ఏమ్మా, అంతా సిద్ధమేనా? తలుపులు తెరిచావా?" అన్నాడు.

"తాళం వేసినా సార్," అంది కరుణాకుమారి.

విజయభాస్కర్ ఒక్క క్షణం అర్థం కానట్టు ఫోను వంక చూశాడు. తర్వాత గొంతు పెద్దదైంది. ఎవరు వెయ్యమన్నారు, ఆ మహాలక్ష్మేనా, మళ్ళీ వచ్చి బెదిరించిందా, చెప్పు, నీకేం భయం లేదు అన్నాడు.

"లేదు సార్. ఆమె తెరుచుకోమనే చెప్పింది. తెరిచినా నాతో మాట్లాడతానని చెప్పింది. అందుకే వేసినా."

ఫోను అవతల ఇంకెవరో ఆడమనిషి గొంతు వినపడింది. వెనక్కి తగ్గినవాళ్ళలో ఒకామె. తన లైబ్రరీకి తాళం వేసి, కరుణకి తోడు కూర్చోవడానికి వాకాడు వచ్చిందట. మహాలక్ష్మి మెట్టు మీద కూర్చుండిపోయి, అందరూ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా భోరుమని ఏడ్చింది. విజయభాస్కర్ కారు వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఇంతకీ ఆ సుభాషిణికి ఏం కావాలి అని అడిగాడు. ఆ ప్రశ్న ఆయన నోట రావడానికి అన్ని తాళాలు పడాల్సి వచ్చింది.

తర్వాతి కథ పొడుగే గానీ చెప్పేది కొంచెమే. ఐదుగురు మళ్ళీ ఏడుగురయ్యారు, యూనియన్ రిజిస్టరైంది. కార్మిక శాఖ ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడించారు. ఒక పూటతో తేలలేదు, ఎన్నోసార్లు తిరగాల్సి వచ్చింది. అయినా సుభాషిణి వైద్యం ట్రస్టు భరించింది, ఆమె పని ఆమెకే ఉంది, మంచం దిగేదాకా జీతం ఇంటికొచ్చింది. 'సేవకురాలు' అన్న మాట కొట్టేసి 'లైబ్రరీ ఉద్యోగి' అని కాగితాలు ఇచ్చారు. ర్యాకులన్నీ గోడలకి బిగించారు. తుఫాను హెచ్చరిక వస్తే ఎవరినీ లైబ్రరీలో ఉండమనకూడదని రాసుకున్నారు. అడిగినవన్నీ రాలేదు, పీఎఫ్ సంగతి ఇంకా నానుతూనే ఉంది. పాళెం గది తాళంచెవి మాత్రం ఇప్పటికీ మహాలక్ష్మి కొంగుకే ఉంది.

యూనియన్‌కి అధ్యక్షురాలు ఎవరనే మాట వచ్చినప్పుడు అందరూ మహాలక్ష్మి వైపే చూశారు. నా నోరు సంగతి తెలిసి కూడా నన్నే అంటారేంది, ఇంకా బుద్ధి రాలేదా మీకు అని ఆమె అందరినీ కసిరి, కరుణాకుమారి పేరు చెప్పింది. కరుణాకుమారి వద్దని చాలాసేపు బతిమాలి, చివరికి ఒప్పుకుంది. ఇద్దరు ఇప్పటికీ యూనియన్‌లో చేరలేదు. వాళ్ళలో ఒకామె అత్తగారు చనిపోయిందని కబురొచ్చిన రోజు, మిగతావాళ్ళు పోవాలా వద్దా అని ఫోన్లలో అడుగుతూ ఉండగానే, కరుణాకుమారి అందరికంటే ముందుగా ఆ ఇంటికి చేరింది. శవం లేచేదాకా అక్కడే ఉంది.